ఆదియ్య తాత జెండా

తదియ

అప్పా, మీ మూడు చిన్న విమానాల్లో నీ పిట్ట ఉత్తరం కొండల వైపు చుక్కయ్యి మాయమయ్యేదాకా డెక్కు మీదే నిలబడ్డాను. ఓడలు దాటి కాస్త దూరం పోతే ఫోనుకి సిగ్నలు ఉండదని తెలుసు. అయినా రోజూ రాస్తాను. నువ్వు తిరిగి దగ్గరికి రాగానే అన్నీ ఒక్కసారే పడతాయి. నోటితో అయితే నీ తమ్ముడికి రెండు ముక్కలు కూడా రావు. వేళ్ళతో అయితే కాస్త నయం.

గాలి మళ్ళకముందే వచ్చేయమని ఆదియ్య తాత నీకు చెప్పమన్నాడు. నువ్వు ఎగిరిపోయాక చెప్పాడు. ఆయన అన్నీ అలాగే చెబుతాడు.

ఈరోజు తాత కమాండు జెండా వంశధార ఓడ నుంచి నాగావళి ఓడకి మారింది. అక్కడ కాసులు మావ తాడు వదులుతుంటే ఇక్కడ నేను తాడు లాగాను. అది దిగినంత ఇది ఎక్కాలి, ముందూ వెనకా కాకూడదు. ఒక్క రెప్పపాటు కూడా మూడు ఓడలూ కమాండు లేకుండా ఉండకూడదట. బాగానే కుదిరింది. కాసులు మావ ఎప్పట్లాగే ఏడ్చాడు. కెప్టెన్ అయ్యుండి, అంత మీసం పెట్టుకుని, నెలరోజులు తన ఓడ మీద ఉన్న ముసలాయన పక్క ఓడకి పోతున్నాడని పడవ మెట్ల మీద నిలబడి ముక్కు చీదుకున్నాడు. తాతకి ఎండు నెత్తళ్ళ చేపల మూట ఇచ్చాడు. పడవలో తాత ఆ మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

చవితి

నాగావళి కెప్టెన్ ధనాలమ్మత్త నీకు తెలుసు కదా. ఆవిడ గొంతుకి లౌడుస్పీకరు అక్కర్లేదు. పొద్దున్నే తాత గదికి గంజి, పది గంటలకి రొయ్యల వేపుడు, మధ్యాహ్నం కోనాం చేప పులుసు, సాయంత్రం మళ్ళీ ఏదో. వంశధార మీద తాత చిక్కిపోయాడని, అక్కడ పస్తులు పెట్టారని అందరికీ వినబడేలా అంది. తాత చిక్కలేదు. పంచె ముడి ఇంకా వదులు చేసుకుంటున్నాడు.

ఏ ఓడ మీద కూర బాగుందో తాత ఎప్పుడూ చెప్పడు. చెబితే మిగతా రెండు ఓడలూ వారం రోజులు మూతి ముడుచుకుంటాయి. అందుకని మూడు చోట్లా ఒకే మాట అంటాడు, పులుపు చాల్లేదని. ఏడేళ్ళుగా ఆయనతో ఓడ నుంచి ఓడకి తిరుగుతున్నాను, ఇంకో మాట వినలేదు. నాగావళి వంటింట్లో ఇప్పుడు చింతపండు అయిపోవచ్చింది.

పంచమి

పొద్దున సముద్రం నిమ్మళంగా ఉంది. తాత తాళ్ళు పేనుతూ కమాండు చరిత్ర చెప్పాడు. నువ్వు చిన్నప్పుడు మన ఓడ శారద మీద విన్నదే, కానీ ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు. ఈసారి చెప్పింది రాసి పెడుతున్నాను.

ఒకప్పుడు ఇవి యుద్ధం ఓడలు. ఒక్కోదాని మీద మన పిట్టల్లాంటివి కాదు, చెవులు పగిలే విమానాలు ఉండేవి. ఓడకో కెప్టెన్. వాళ్ళందరి పైన ఒక పెద్దాయన, విమానాల ఓడల కమాండు. చిత్రం ఏమిటంటే ఆయనకి సొంత ఓడ ఉండేది కాదు. ఏ ఓడ మీద పడుకుంటే ఆ ఓడకి చుట్టం. ఆయన జెండా పైన ఎగురుతున్నా, ఆ ఓడని నడిపేది దాని కెప్టెనే. పెద్దాయన చుక్కాని వైపు వేలు కూడా చూపించకూడదు. కానీ ఓడలన్నీ కలిసి ఎటు తిరగాలి, ఎప్పుడు తిరగాలి, అది మాత్రం ఆయనే చెప్పాలి. ఓడ గాలికి ఎదురుగా నిలబడితేనే విమానం దిగుతుంది. అందుకని కమాండు పని మొత్తం గాలి పనే.

తర్వాత ఎవరికో సముద్రం విసుగు పుట్టి కమాండుని ఒడ్డుకి మార్చారు. చల్లగాలి మిషన్లున్న మేడ కట్టారు. పెద్దాయనలు అక్కడ కూర్చుని ఫోన్లో ఓడలకి చెప్పేవాళ్ళు. తాత ఈ ముక్క వచ్చినప్పుడల్లా తాడు పేనడం ఆపేస్తాడు. "కిటికీలు మూసీసుకోని గాలెటుందని ఫోన్లో అడిగీవోరు. ఏటి సెప్తాం" అన్నాడు, తనే అక్కడ పనిచేసినట్టు.

సముద్రం మేడ మెట్లెక్కింది. ఆఫీసర్లు కొండల మీదికి పోయారు. చివరికి ఫోన్లు ఎత్తే సన్నెమ్మ ఒక్కతే మిగిలింది. జెండా మడత పెట్టి చంకలో పెట్టుకుని పడవెక్కి ఓడల దగ్గరికి వచ్చింది. అప్పటికి ఎవరి మాటా ఎవరూ వినక, గాలి మళ్ళినప్పుడు తలో పక్కకీ తిరగబోయి, వంశధార ముక్కు శారద డొక్కలో దిగిపోయింది. ఆ మాసిక ఇప్పటికీ ఉంది, అమ్మ అక్కడే బట్టలు ఆరేసేది. సన్నెమ్మని మా ఓడకి రా అంటే మా ఓడకి రా అని మూడూ లాగాయి. ఆవిడ ఏదీ ఎంచుకోలేదు. నెల ఇక్కడ, నెల అక్కడ అంది. అప్పట్నుంచి కమాండు అంటే ఏ ఓడ మీదా పుట్టని మనిషి అయ్యుండాలి. తాత చిన్నప్పుడు విరిగిన తెప్ప మీద దొరికాడు కదా, అందుకే ఇప్పుడు ఆయన కమాండు.

సన్నెమ్మ చనిపోయిన రోజు జెండా ఒక చోట దిగింది, ఇంకో చోట ఎక్కలేదు. ఆ రోజు మూడు ఓడలూ మోటార్లు ఆపేసి జనమంతా డెక్కుల మీద నిలబడ్డారట. కమాండు పోతే ఇప్పటికీ అదే పద్ధతి. జెండా మడత పెట్టేవాడు కమాండు గది తలుపు తీసి బయటికి వచ్చేదాకా ఎవరూ లోపలికి రారు, ఎవరూ ఏ మీటా ముట్టుకోరు.

సప్తమి

నిన్న రాయలేదు. తాతకి జ్వరం. రాత్రంతా దగ్గు. ధనాలమ్మత్త మిరియాల పాలు తాగించి, ఛాతీకి ఆవిరి పట్టించి, తలుపు ముందు తనే కుర్చీ వేసుకుని కూర్చుంది. శారద కెప్టెన్ ఓలేసు మావ పడవ వేసుకుని చూడ్డానికి వస్తే, పడుకున్నాడు లేపనని పంపించేసింది. మావ తెచ్చిన పనసపండు మాత్రం తీసుకుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది అప్పా. కమాండు ఏ ఓడ మీద కన్ను మూస్తే జెండా ఏడాదిపాటు ఆ ఓడ మీదే ఉంటుంది. పిట్టలు ముందు అక్కడే దిగుతాయి. అవి కొండల నుంచి తెచ్చే విత్తనాల వడ్లలో మొదటి వాటా ఆ ఓడ వాళ్ళదే. ధనాలమ్మత్తకి అలాంటి ఆలోచన ఉందని నేను అనుకోను. ఆవిడ తాత కాళ్ళు ఒత్తుతూ పాట పాడుతుంటే నేను చూశాను. కానీ ఓలేసు మావ దాన్ని చూడలేదు, మూసిన తలుపునే చూశాడు.

అష్టమి

ఈరోజు తప్పు జరిగింది.

మధ్యాహ్నం గాలి కొంచెం పక్కకి జరిగింది. పెద్ద తిరుగుడు కాదు, మూడు ఓడలూ ముక్కులు కాస్త సముద్రం వైపు జరుపుకుంటే చాలు. తాత చెబితే నేను మాస్టు మీద గుర్తు గుడ్డలు ఎక్కించాలి. లోపలికి వెళ్ళబోతే ధనాలమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఇప్పుడే కన్నంటుకుంది, పాపం, ఈ పాటి దానికి లేపాలా అంది. తనే మైకు తీసుకుని, "కమాండు మాట. అందరూ సముద్రం పక్కకి జరగండి" అంది.

తాత నిద్ర చెడకూడదని అంది, అంతే. కానీ జెండా ఉన్న ఓడ కెప్టెన్, జెండా పేరుతో ఆజ్ఞ ఇవ్వకూడదు. సన్నెమ్మ కాలం నుంచీ ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ గొంతు రెండు ఓడలకీ బాగా వినబడింది. ఏ ఓడా కదల్లేదు. కాసేపటికి వంశధార మైకులో కాసులు మావ అడిగాడు.

"వొదినా, తాత ఉన్నాడా, పోనాడా?"

ధనాలమ్మత్తకి ఆ మాట తగిలింది. ఉన్నాడు, నీ నోట్లో మట్టిపడ అని తిట్టింది. ఉంటే ఆయన గొంతు వినిపించమన్నాడు. పడుకున్న మనిషిని లేపను, నీకేం సంజాయిషీ అంది. నేను పక్కనే ఉన్నాను. గుడ్డలు చేతిలోనే ఉన్నాయి. ఎక్కించి ఉండాల్సింది, కానీ తాత చెప్పకుండా ఎలా ఎక్కించను.

నవమి

తాతకి జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు. జరిగింది చెప్పాను. పంచె బిగించుకున్నాడు. తర్వాత నన్ను పట్టుకుని లేచి మైకు దగ్గరికి వచ్చి మాట్లాడాడు. గొంతు బొంగురుగా వచ్చింది, దగ్గు మధ్యలో తెగింది. వంశధార వాళ్ళు నమ్మలేదు. ఎవరో ముసలాడి చేత మాట్లాడించారని అన్నారు. ఓలేసు మావ అయితే, తాతే అయినా సరే, వాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళు అనిపించింది అంటున్నాడు, ఆ జెండా ఇక నాగావళిది, మాది కాదు అన్నాడు.

సాయంత్రానికి ఎవరి కమాండు వాళ్ళదే అని రెండు ఓడల మీదా కొత్త జెండాలు లేచాయి. శారద వాళ్ళది దుప్పటి అప్పా, నీలం గళ్ళది. నీ మంచం మీదిదేమో అనిపించింది.

తాత కిటికీలోంచి ఆ దుప్పటి చూసి నవ్వాడు. కానీ తర్వాత అన్నం ముట్టలేదు.

దశమి

గాలి మళ్ళడం మొదలైంది. నైరుతి ఆగిపోయింది, ఈశాన్యం పొడి పొడిగా కొడుతోంది. ఇప్పుడు ఓడలు సగం చుట్టు తిరగాలి. లంగరు ముక్కు దగ్గరే ఉంది కాబట్టి మోటార్లు ఆపేస్తే ఓడ దానంతటదే గాలికి ముఖం పెడుతుంది, చిన్న పడవైనా అంతే, అది అందరికీ తెలుసు. కానీ మూడూ ఒక్కసారే వదలాలి. ఒకటి వదిలి పక్కది వదలకపోతే తోక వచ్చి దాని మీద పడుతుంది. శారద డొక్క ఎవరూ మర్చిపోలేదు.

అందుకని మూడూ మోటార్లు వేసుకుని, ఉన్న చోటనే బిగబట్టి నిలబడ్డాయి. గాలికి వీపు పెట్టి. నువ్వు ముందాపు అంటే నువ్వు ముందాపు అని పొద్దుటి నుంచి మూడు మైకులూ అరుచుకుంటున్నాయి. ధనాలమ్మత్త గొంతు పోయింది. తప్పు నాదే అని కూడా మైకులో చెప్పింది. అవతలి వాళ్ళు అది కూడా ఎత్తే అనుకున్నారు.

గాలి వీపు మీద కొడుతుంటే డెక్కు మీద పిట్ట దిగడం కుదరదు. జారి ముందు నుంచి సముద్రంలో పడుతుంది. మీరు ద్వాదశికి కదా వస్తామన్నారు. రెండు రోజులు ఉంది. ఈలోపు సర్దుకుంటారని తాత అన్నాడు. ఆయన మొహం చూస్తే అలా అనిపించలేదు.

ఏకాదశి, మధ్యాహ్నం

అప్పా, తదియ నాడు రాసిన దాని పక్కన అందినట్టు గుర్తు పడింది. ఇప్పుడు చవితిది. పంచమిది. ఒక్కొక్కటే పడుతున్నాయి.

అంటే నువ్వు దగ్గరికి వచ్చేశావు. ఒక రోజు ముందే ఎందుకొచ్చావు. ఈశాన్యం వెనక నుంచి తోస్తే ఛార్జింగు మిగులుతుందని బయల్దేరి ఉంటారు. గాలి మళ్ళింది కాబట్టి ఓడలూ మళ్ళి ఉంటాయని అనుకుని ఉంటారు. ఎవరైనా అదే అనుకుంటారు.

ఇవన్నీ చదువుతూ కూర్చోకు. ఎంతసేపు ఎగరగలవో అది ఒక్కటి చెప్పు.

ఏకాదశి, మధ్యాహ్నమే

నీ జవాబు చూశాను. తాతకి చూపించాను. కొండల దగ్గర వాన వల్ల మీ ముగ్గురికీ ఛార్జింగు సరిగ్గా ఎక్కలేదని, ఓడల చుట్టూ ఒక్క చుట్టు కొట్టడానికి మాత్రమే ఉందని.

పిట్టలు వస్తున్నాయని రేడియోలో మూడు ఓడలకీ తెలిసింది. ఇప్పుడు ఇంకా గట్టిగా అరుచుకుంటున్నారు. పిల్లలు పైనున్నారు ఆపండ్రా అని వంశధార, మీరాపితే మేమాపుతాం అని శారద. ధనాలమ్మత్త మోటారు మీట మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఆవిడ ఒక్కతే ఆపితే వంశధార తోక మన మీదికి వస్తుంది. కింది అంతస్తుల్లో నాలుగొందల మంది ఉన్నారు. ఆవిడ ఆపలేదు. ఆపమని నేను కూడా అనలేకపోయాను.

కొండల వైపు చూస్తున్నాను. మీ మూడు చుక్కలూ నాకు కనబడుతున్నాయి. నేను తాత దగ్గరికి పోతున్నాను.

ఏకాదశి, మధ్యాహ్నం దాటుతుంటే

అప్పా, నువ్వు శారద డెక్కు మీద దిగడం చూశాను. డెక్కు మీద అడ్డంగా కట్టిన తాడు నీ పిట్ట కొక్కేన్ని పట్టి ఆపింది. నువ్వు పిట్టలోంచి బయటికి రావడం చూశాను. ఓలేసు మావ నీ భుజం పట్టుకుని ఏదో చెప్పడం, నువ్వు అక్కడే కూలబడిపోవడం కూడా చూశాను. అందుకే తొందర తొందరగా రాస్తున్నాను. ముందు మొహం అలాగే ఉంచుకుని చదువు.

నేను లోపలికి వెళ్ళేసరికి తాత మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. మూడు మైకుల గోలా వింటున్నాడు.

"గున్నా, జెండా దించీ" అన్నాడు.

ఏ ఓడకి మారుస్తున్నామని అడిగాను. ఏ ఓడకీ లేదన్నాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. సన్నెమ్మ పోయిన రోజు దిగినట్టు దించమంటున్నాడు. అబద్ధం కదా తాతా అన్నాను.

"నాను సచ్చిపోనానని నువ్వు నోటితో సెప్పకు. ఎవులికీ ఏటీ సెప్పకు. నీకెలాగూ మాట రాదు గదా. జెండా దించి, లోపలికొచ్చీసి తలుపేసీ. ఆల్లేటి అనుకుంటారో ఆల్లిష్టం."

"తర్వాత తెలిస్తే ఎవరూ మన మాట వినరు తాతా."

"ఇప్పుడింటన్నారేటి?"

వెళ్ళాను. తాడు విప్పాను. కొంచెం కొంచెమే వదిలాను కాబట్టి జెండా నెమ్మదిగా దిగింది, అదే మంచిదయింది. సగం దిగేసరికి నాగావళి మైకు ఆగిపోయింది. వంశధార వాళ్ళు ఇంకా అరుస్తున్నారు. నా చేతిలోకి గుడ్డ వచ్చేసరికి వాళ్ళూ ఆగారు. నేను మడత పెట్టాను. నాలుగు మడతలు. ఎవరి వైపూ చూడలేదు. లోపలికి వచ్చి తలుపు వేసేశాను.

అప్పుడు కాళ్ళ కింద నేల అదరడం ఆగింది. మోటారు అదురు లేకుండా ఓడ ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. ముందు మాది ఆగింది. తర్వాత వంశధారది. చివరికి శారదది. ఎవరు ముందు ఆపాలని ఎవరూ అడగలేదు. గాజు వెనక నుంచి చూస్తే రెండు ఓడల మీదా కొత్త జెండాలు దించేస్తున్నారు. నీ దుప్పటి డెక్కు మీద పడి ఉంటే ఎవరూ ఎత్తలేదు.

గొలుసు కిర్రుమంది. కిటికీలో కొండ పక్కకి జరిగింది. అప్పా, మూడూ కలిసి తిరిగాయి. పక్క పక్కనే, ఒకదాని తోక ఇంకోదానికి తగలకుండా, సముద్రం పక్క నుంచి గాలికేసి. తిప్పేవాళ్ళు ఎవరూ లేకుండా. తాత కిటికీ అంచు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతలో నువ్వు మా పైనుంచి వెళ్ళావు.

ఇప్పుడు బయట ధనాలమ్మత్త తలుపుకి తల ఆనించి ఏడుస్తోంది. నిన్న తినకపోతే నేను కసురుకున్నాను తాతా, రొయ్యలు మాడ్చేశాను తాతా అంటోంది. నాకు తలుపు తీసేయాలని ఉంది. తాత వద్దని వేలు చూపించాడు, ఆయన కళ్ళలో కూడా నీళ్ళే. వంశధార మీద కాసులు మావ మైకు ఆపడం మర్చిపోయినట్టున్నాడు. ఆయన మాటలన్నీ ఇక్కడికి వినిపిస్తున్నాయి. నా మీద కోపంతోనే ఎల్లిపోనావా బాబూ, ఎవులో ముసిలోడన్నానని ఎల్లిపోనావా అంటున్నాడు.

"ఈడికి నానంటే ఇంత పేమని ఎప్పుడూ సెప్నేదు సూడు" అన్నాడు తాత. కాసులు మావ ఇచ్చిన నెత్తళ్ళ మూట విప్పుకుని తింటున్నాడు. రెండు రోజుల తర్వాత ఇదే తిండి.

నీకు చెప్పాల్సింది ఇది. తాత బతికే ఉన్నాడు. నా పక్కనే ఉన్నాడు. ఏడవకు అని రాయబోయాను, తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకా రెండు పిట్టలు పైనే ఉన్నాయి. ఇప్పుడు నువ్వు నవ్వితే ఓలేసు మావ చూస్తాడు. ఆయన చూస్తే మోటారు మీట మీదికి చెయ్యి పోతుంది.

ఏడువు అప్పా. గట్టిగా ఏడువు. అవి దిగేదాకా ఆపకు.